రెండు మార్లు హారన్

“ఈడ రెండు మార్లు హారన్ కొట్టు,” అన్నాడు బయ్యన్న.

స్టీరింగు పట్టుకున్న దివాకర్ ముందుకు చూశాడు. బెళుగుప్ప రోడ్డు ఎండలో ఖాళీగా పడి ఉంది. మనిషి లేడు, ఎద్దులబండి లేదు.

“ఎవరూ లేరు కదన్నా?”

“కొట్టప్పా.”

కొట్టాడు. రోడ్డు పక్క కొట్టంలోంచి ఒక ఆడమనిషి బయటికొచ్చి చెయ్యెత్తింది. బస్సు దాటేదాకా అలాగే నిలబడింది.

బయ్యన్నకు చూపు మందగించింది. డ్రైవరుగా అదే ఆఖరి రోజు. రేపటి నుంచి ఈ దారి దివాకర్‌ది.

“ఆమె తిప్పమ్మ,” అన్నాడు బయ్యన్న. “కరువని మొగుడు యేసన్న బళ్లారి పక్క కాలువ పనికి పోయినాడు. ఆడ్నుంచి వచ్చే లారీవాళ్లు నాకు కబురు చెప్తారు. దినామూ ఈడ బస్సు నిలిపితే ప్యాసింజర్లు ఊరుకోరు. అందుకే వాడు బాగుండాడంటే రెండు మార్లు కొడతా. వినపడిందని ఆమె చెయ్యెత్తుతాది.”

“బాగలేకపోతే?”

“నిలిపి, దిగి చెప్పాల. అదీ మా మాట.”

బయ్యన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. 

“పోయిన ఎండాకాలమే యేసన్న చచ్చిపోయినాడు. కాలువ గట్టు విరిగి మీద పడిందంట. ఆ దినం నిలుపుదామనే వచ్చినా. కాలు బ్రేకు మీదికి పోలేదు. చెయ్యి హారన్ మీదికి పోయింది. అప్పట్నుంచీ కొడతానే ఉండా. రేపట్నుంచి నువ్వు కొట్టు.”

“నా చేత కాదన్నా.”



మర్నాడు దివాకర్ ఒక్కడే బస్సు తెచ్చాడు. కొట్టం దగ్గర హారన్ కొట్టలేదు. నిలిపి, దిగాడు.

తిప్పమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆగిన బస్సును, కొత్త మనిషిని చూసింది.

“బయ్యన్న యాడప్పా?”

“నిన్నటితో పని మానుకున్నాడమ్మా. యేసన్న...”

దివాకర్ తల దించుకున్నాడు.

ఆమె ఏడవలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది. తాగేదాకా ఆగింది.

“బయ్యన్న కనపడితే ఒక మాట మాత్రం చెప్పొద్దప్పా,” అంది.

“ఏం మాటమ్మా?”

“పోయిన ఎండాకాలమే నాకు తెలిసిందని.”