అక్‌తోష్ చెవులు

...అందుకే ఇవాళ కూడా రంగు పెన్సిళ్ళతో మా కుక్క అక్‌తోష్‌కి నిండు చెవులు గీశాను.

తాత చూసి నవ్వాడు. "పిచ్చిపిల్లా, తోడేలుకి పట్టు దొరక్కూడదని కూనగా ఉన్నప్పుడే దాని చెవులు కోసేశాను కదే. ఈ బొమ్మ అంటిస్తే నారిన్ బజారులో దాన్నెవరు గుర్తుపడతారు? మళ్ళీ గీయి. తప్పిపోయి మూడు రోజులైంది."

చూసినవాళ్ళెవరైనా గుర్తుపట్టి తాతకి చెప్పేస్తారేమోననే నా భయం.

సోమవారం వీధికుక్కల్ని కాల్చేవాళ్ళు తుపాకీతో వచ్చి, "ఇది మీదేనా పాపా?" అని అడిగారు. భయమేసి కాదన్నాను. తుపాకీ పేలినప్పుడు కూడా అది నా దగ్గరికే పరుగెత్తుకొస్తోంది.

తాత తలుపు తడుతున్నాడు. "అయిందా తల్లీ? జిగురు కలిపి ఉంచాను."

ఇదంతా రాసిన ఈ కాగితాలు పరుపు కిందికి తోసేస్తున్నాను.