ఓకేగారి కథ

“ఆయన ముందు నవ్వు అన్న మాట ఎత్తకు బాబూ. నేను అడిగేది అదొక్కటే,” అంది ఆమె వంటింట్లో, గొంతు బాగా తగ్గించి.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న కుర్ర డైరెక్టరు తల వంచుకున్నాడు. ఆమె భర్త జీవితాన్ని సినిమాగా తీస్తానని, ఆయన సంతకం కోసం వచ్చాడతను. భర్త ముందుగదిలో మందుల మత్తులో కునుకు తీస్తున్నాడు.

సినిమా వాళ్లు ఆయన అసలు పేరు ఏనాడో మర్చిపోయారు. అందరికీ ఆయన ఓకేగారు. షాట్ ఎలా వచ్చినా మొదటిసారికే మురిసిపోయి “ఓకే, అద్భుతం” అనేవాడు. తొమ్మిది సినిమాలు తీస్తే ఒక్కటీ రెండో వారం చూడలేదు. ఒకదాంట్లో వాన వీధికి ఎడమవైపే కురుస్తుంది. ఇంకోదాంట్లో శవం తుమ్ముతుంది. మళ్లీ తీద్దామని కెమెరామన్ బతిమాలితే, పక్కన ఏడుస్తున్న అమ్మాయి ఇంత బాగా మళ్లీ ఏడవదని ఆయన ఒప్పుకోలేదట. పాతికేళ్ల తర్వాత ఎవరో ఆ తుమ్మును ఫోన్లలోకి ఎక్కించారు. కాలేజీ పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వీ నవ్వీ ఆయన్ని ప్రేమించడం మొదలుపెట్టారు. ఈ కుర్ర డైరెక్టరూ ఆ బాపతే.

“జనం నవ్వుతారమ్మా. నేను మాత్రం ఎగతాళి చెయ్యను,” అన్నాడు.

“నవ్వుకోనీ. ఆయనకి తెలియకూడదు, అంతే. గొప్ప సినిమాలు తీశానని నమ్ముకున్న మనిషి. ఉన్న నాలుగు రోజులూ అలాగే ఉండనీ.”

అతను సరేనన్నాడు.

ఆ నమ్మకం వెనక ఆమె ఎన్నో ఏళ్ల కష్టం ఉంది. సినిమా విడుదలైన మర్నాడు పొద్దున ఆయన అద్దం ముందు నురగ పూసుకుని గడ్డం గీసుకుంటూ ఉంటే, ఆమె గుమ్మంలో పడ్డ పేపరు తెచ్చి సమీక్ష చదివి వినిపించేది. ‘శవానికే జలుబు చేస్తే ప్రేక్షకుడి గతేమిటి’ అని అచ్చులో ఉంటే, ‘చివరి సన్నివేశం కంట తడి పెట్టిస్తుంది’ అని చదివేది. తడుముకోకుండా చదవడానికి మొదట్లో నానా అవస్థా పడింది. మూడో సినిమాకి అలవాటైపోయింది. ఆయన గడ్డం కత్తి ఆపి, ఆ ముక్క ఇంకోసారి చదవమనేవాడు. కల్పించిన మాటలు పొల్లుపోకుండా మళ్లీ చెప్పాలి. అందుకని ఎక్కువ కల్పించేది కాదు. చదవడం అవగానే ఆ పేపరును అలమరలో పరిచి పైన గిన్నెలు బోర్లించేసేది. ఈ సంగతి కన్నకూతురికి కూడా చెప్పలేదు.

కుర్ర డైరెక్టరు ఆరు నెలలపాటు వారం వారం వచ్చాడు. గది తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరూ కబుర్లాడుకునేవాళ్లు. ఆమె టీ పట్టుకెళితే ఊరుకునేవాళ్లు. భర్త మొహంలో ఎన్నాళ్లకో కనిపించిన కళ చూసి, కుర్రాడు మాట తప్పలేదని ఆమె స్థిమితపడేది.

షూటింగ్ సగంలో ఉండగా ఓకేగారి ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆస్పత్రి మంచం మీద ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, “సినిమా వచ్చాక పూర్తిగా చూడు. మధ్యలో లేచి రాకు,” అన్నాడు.

“మీ సినిమా ఏది మధ్యలో వదిలేశాను?” అంది ఆమె.

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. మూడో రోజు పోయాడు.

సినిమా మొదటి ఆటకి ఆమె కూతురితో వెళ్లింది. వాన ఎడమవైపు కురిసినప్పుడు హాలంతా ఈలలు వేసింది. శవం తుమ్మినప్పుడు ముందు వరసలో ఒకతను కుర్చీలోంచి జారిపోయాడు. ఆమెకి ఒళ్లు మండింది. లేవబోయి, ఆయన మాట గుర్తొచ్చి కూర్చుంది.

అప్పుడు తెర మీద తెల్లవారింది. ఓకేగారి వేషం వేసిన నటుడు చెప్పులు చప్పుడవకుండా ఇంట్లోంచి బయటపడ్డాడు. వీధి మొగలో పేపరు కొని, నిలబడే సమీక్ష చదివాడు. ఆసాంతం చదివి, మళ్లీ మొదటినుంచి చదివాడు. తర్వాత పేపరును మడతలు చెడకుండా మడిచి, తెచ్చి తన గుమ్మంలోనే పడేసి, లోపలికెళ్లి మొహానికి నురగ పూసుకున్నాడు. భార్య వేషం వేసిన అమ్మాయి పేపరు విప్పి, ‘చివరి సన్నివేశం కంట తడి పెట్టిస్తుంది’ అని చదివింది. అతను అద్దంలోంచి ఆ అమ్మాయినే చూస్తూ, ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. కూతురు చున్నీతో కళ్లొత్తుకుంటోంది.

ఆట వదిలాక మెట్ల దగ్గర నిలబడ్డ కుర్ర డైరెక్టరును ఆమె పక్కకి పిలిచింది. పేపరు సంగతి నీకెవరు చెప్పారని నిలదీసింది. అది తనకి తప్ప ఎవరికీ తెలియదంది.

“నేను చదివినవన్నీ ఆయన నమ్మారు. తెలిసి విన్నట్టు ఎందుకు పెట్టావు? పోయిన మనిషిని అంత బాధపెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?”

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. కోపం ఎక్కువసేపు నిలవలేదు.

“అయినా ఎంత బాగా రాశావయ్యా. ఇలాంటి కథ ఆయనకి జన్మలో ఒక్కటి దొరికి ఉంటే...” అని ఆగి, “రాసినవాళ్ల పేరు తెర మీద పడనే లేదు. నీ పేరు వేసుకోలేదేం?” అని అడిగింది.

“నేను తీశానంతే అమ్మా,” అన్నాడతను.

“ఆ ఆరు నెలలూ గదిలో కూర్చుని రాసింది సారే.”