బేకరీ పైవాటా

"మావయ్యగారూ, ఆ డబ్బా లోపల పెట్టేయండి. మీకు దణ్ణం పెడతాను," అంది లోహిత పళ్ళ బిగువున.

మామగారు రాఘవులు అప్పటికే కోటు జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి బల్లమీద పెట్టేశాడు. "రొట్టె పుల్లపుల్లగా బానే ఉంది గానీ కారం లేదమ్మాయ్. కాస్త కరివేపాకు పొడి నంజుకుంటే తప్పేంటి?"

తప్పేమిటో ఆయనకి పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది. ఐర్లండ్‌లోని ఈ పోర్ట్‌లీష్‌ ఊళ్ళో వాళ్ళుంటున్న ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి. లీజు పొడిగించేది లేదని ఓనరు తెగేసి చెప్పాడు. వెతగ్గా వెతగ్గా మిగిలింది ఈ లెబనీస్ బేకరీ పైవాటా ఒక్కటే. కిందటివారం చూసిన ఇంటాయన, మీ పోపుల వాసన గోడలకి పట్టేస్తుందని మొహాన్నే అనేశాడు. అందుకే ఇవాళ అందరి కోట్లూ ఉతికించి మరీ తొడిగించింది. డ్యూటీకి పోతూ పోతూ ఆమె భర్త డాక్టర్ రేవంత్ కూడా గుమ్మంలో ఆగి చెప్పాడు, వంట ఊసే ఎత్తొద్దని.

బేకరీ నడిపేది ఇలియాస్. బట్టీ దగ్గర నిలబడి పిండి ఒత్తేది వాళ్ళమ్మ వార్దా. పైవాటా ఎవరికివ్వాలో తేల్చేది ఆవిడే. అద్దెకి అడగొచ్చిన వాళ్ళని ముందు కూర్చోబెట్టి టిఫిను పెడుతుంది, ఆ తర్వాతే సంగతి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కొడుకే అటూ ఇటూ చెబుతాడు.

"ఇంట్లో వంట బాగా చేస్తారా అని అడుగుతోంది అమ్మ," అన్నాడు ఇందాక టీ గ్లాసులు పెడుతూ.

"అబ్బే, నాకసలు వంటే రాదండీ. బ్రెడ్డు, సలాడు. అంతే మా తిండి," అంది లోహిత తడుముకోకుండా.

ఆ మాటకి రాఘవులుకి పొలమారింది. దగ్గి, నీళ్ళు తాగి, కాసేపు బుద్ధిగానే కూర్చున్నాడు. ఇప్పుడేమో ఈ డబ్బా.

కోడలు చెయ్యి అడ్డం పెట్టేలోపే మూత ఊడింది. వెల్లుల్లి, వేయించిన కరివేపాకు, ఎండుమిరప. ఘాటు బేకరీ అంతా గుప్పుమంది. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాయన తలెత్తి చూశాడు. బట్టీ దగ్గర వార్దా చేతులు ఆగిపోయాయి.

ఆవిడ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ నేరుగా వాళ్ళ బల్ల దగ్గరికే వచ్చింది. డబ్బా ఎత్తి వాసన చూసింది. ఏదో అడిగింది.

"ఇది చేసిందెవరు అంటోంది," అన్నాడు ఇలియాస్.

రాఘవులు వేలు కోడలి వైపు లేచింది. "మా..."

"ఆయనే," అంది లోహిత గబుక్కున. "ఆయనకి అదో పిచ్చి. మేమెవరం ముట్టుకోం కూడా."

రాఘవులు కోడల్ని ఎగాదిగా చూసి, వేలు ముడుచుకున్నాడు.

వార్దా ఆయన్ని ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోహితకి ఏడుపొక్కటే తక్కువ. చెత్తబుట్టలో పారేయడానికే తీసుకెళ్ళింది, సందేహం లేదు.

"అయిపోయింది. ఇక సామాన్లతో రోడ్డుమీదే మనం," అంది.

"నేనేమన్నా దొంగతనం చేశానా అమ్మా?" అని గొణిగాడు రాఘవులు.

కాసేపటికి వార్దా తిరిగి వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న రొట్టె. పిండిమీద కరివేపాకు పొడి పరిచి, ఆలివ్ నూనె పోసి కాల్చింది. తుంచి మొదటి ముక్క రాఘవులుకి పెట్టింది. రెండోది తన నోట్లో వేసుకుంది. కారానికో మరి దేనికో, కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొంగున్నట్టే ఏప్రాన్ అంచుతో తుడుచుకుని గడగడా ఏదో చెప్పింది.

"మా ఊళ్ళో అంతే," అన్నాడు ఇలియాస్. "ఎవరింటి పొడి వాళ్ళు కలుపుకుని గిన్నెలో బట్టీకి తెస్తారు. పిండిమీద పరిచి కాల్చిచ్చేది మేము. ఈ ఊరొచ్చాక అలా తెచ్చిన మొదటి మనిషి ఈయనే. పైన పొయ్యి వెలగని కాపురం వద్దంటుంది అమ్మ. ఇల్లు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ మాకు వంట రాదనే చెబుతారు. అందుకే ఇన్నాళ్ళూ ఖాళీగా పడుంది."

లోహితకి గుండెలమీంచి బండ దిగినట్టయింది. "అయితే మాకిస్తారా?"

"గ్రాండ్. ఇచ్చేసినట్టే," అని ఈ ఊరివాళ్ళ మాటే అందుకుని గోడకున్న తాళంచెవి తీశాడు ఇలియాస్.

లోహిత సంతోషంగా చెయ్యి చాపింది. ఇలియాస్ ఆ చేతిని దాటుకుంటూ వెళ్ళి తాళంచెవి రాఘవులు అరచేతిలో పెట్టాడు.

"ఈయనకే ఇవ్వమంది అమ్మ. వంట రాని కోడలికి ఈయనే దగ్గరుండి నేర్పాలట. రేపట్నుంచి తను కూడా పైకొచ్చి చూస్తుందట."

"ఓ, నేర్పిస్తాను," అన్నాడు రాఘవులు, రొట్టె నములుతూ.

నిన్న సాయంత్రం కిటికీలన్నీ మూసుకుని ఆ పొడి వేయించి మిక్సీ పట్టిన లోహిత, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని బుద్ధిగా తలూపింది.