ఎదురు తిరిగిన గెలాక్సీ

నక్షత్రశాల డైరెక్టర్ గది బయట బెంచీ మీద నీవెస్ అరాయా ఎనిమిదింటి నుంచీ కూర్చుని ఉంది. వారంగా కంటి మీద కునుకు లేదు.

ఒక్క ఫోటో మీద మూడేళ్ళు పనిచేసింది. గాజు ప్లేటును భూతద్దం కింద పెట్టి, చుక్కచుక్కా కొలిచి కళ్ళు గుంటలు పడ్డాయి. ఆ ప్లేటు మీద ఒక సుడి గెలాక్సీ, సరిగ్గా దాని కింద ఓ చిన్న పొరుగు గెలాక్సీ. మామూలుగా సుడి గెలాక్సీలు చేతుల్లాంటి నక్షత్రాల పాయల్ని వెనక్కి వదిలేసి తిరుగుతాయి. ఇది ఎటు తిరుగుతోందో వేరే పరికరం ముందే తేల్చింది, చేతులు ఎటు వంగాయో ఈ ప్లేటు చెప్పింది: ఇదొక్కటీ చేతులు ముందుకు చాచి తిరుగుతోంది. పొరుగుది పట్టి లాగబట్టే ఇలా అయిందని నీవెస్ లెక్క తేల్చింది.

రేపు సాంతియాగో మహాసభలో ఆ సంగతి ప్రకటిస్తారు. ప్రకటించేది మాత్రం డైరెక్టర్ దోన్ బల్తసార్.

"లోపలికెళ్ళి గట్టిగా అడుగు," అంది టైపిస్టు ఉల్దా, టీ కప్పు చేతికిస్తూ. "వ్యాసం టైపు కొట్టింది నేనేగా! మొదటి పేజీలో నీ పేరు లేదు, చివరి పేజీలోనూ లేదు. వంటంతా నీది, వడ్డన ఆయనదీనా?"

"మాట్లాడాలి ఉల్దా. మాట్లాడకపోతే తప్పు."

"అద్గదీ!"

నీవెస్ టీ బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్ళింది. దోన్ బల్తసార్ అద్దం ముందు కొత్త టై కట్టుకుంటున్నాడు.

"ఆ గెలాక్సీ గురించి మీతో ఒక మాట..."

"తెలుసమ్మా, పేరు గొడవేగా?"

"అది కాదండీ, ఆ ప్లేటు..."

"కొలిచింది నువ్వే. కాదన్నానా? టేపు పట్టుకున్నవాడల్లా మేస్త్రీ అయిపోతాడా?"

"ఒక్క నిమిషం వినండి, దోన్ బల్తసార్."

"వినను. ఆలోచన నాది, లెక్క నాది, ఫలితం నాది. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

నీవెస్‌కి ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఓపిక ఉండాలి. కుర్చీ పట్టుకుని నిలబడింది.

"కొలతలు కూడా మీవేనా?"

"కొలతలు కూడా."

"ఎక్కడా నా పేరు రాదు కదా?"

"రాదన్నానుగా!"

"సరేనండి."

బయట ఉల్దా ఎదురొచ్చింది. "ఏమన్నాడు?"

"విననన్నాడు."

"నువ్వు నోరు మూసుకుని వచ్చేశావా? నీలాంటి వాళ్ళుండబట్టే వాళ్ళలా తయారయ్యారు!"

నీవెస్ చల్లారిన టీ తాగి, కోటు వేసుకుని, పట్టపగలే ఇంటికి బస్సెక్కింది. కిటికీకి తల ఆనించగానే నిద్ర పట్టేసింది.

ఆ పొద్దున ఆమె ఒప్పుకోవడానికి వచ్చిన తప్పు ఒక్కటే: మూడేళ్ళ కిందట, మొదటి రోజునే, ఆ గాజు ప్లేటును తిరగేసి పెట్టి కుడిని ఎడమనుకుని కొలిచింది.