అవతల ఎత్తాలిగా

పెట్టె మూత తీసిన ధరణికి లోపల శాటిలైట్ ఫోన్ బదులు పల్లీపట్టీల పొట్లం కనిపించింది.

కెనడాలోని హాలిఫాక్స్ రేవు పక్కన శంకర్ నడిపే ఆ షాపులో అమ్మేవి అవే ఫోన్లు. టవర్లు లేని సముద్రంలో, అడవిలో ఆకాశాన్ని నమ్ముకుని మాట్లాడే ఫోన్లు. కాలేజీలో చదువుకుంటూ ధరణి అక్కడ పార్ట్‌టైమ్‌లో చేరి రెండు వారాలు.

"అన్నా, డెమో ఫోన్ పోయింది."

శంకర్ గడియారం చూశాడు. రెండున్నర.

మూడింటికి లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే పడవల సంఘం పెద్ద, కెప్టెన్ విక్ వస్తున్నాడు. ఆయనకు నచ్చితే అరవై ఫోన్ల ఆర్డర్. ఆర్డరొస్తే ధరణికి ఫుల్‌టైమ్ ఆఫర్ లెటర్. రాకపోతే ఉన్న పార్ట్‌టైమ్ కూడా ఊడుతుంది.

"ఆయనకేం చూపిస్తం ఇప్పుడు? పల్లీపట్టీలా?"

"పొద్దున ఒక తెలుగాయన వచ్చారన్నా. వీరభద్రం గారట. ఇవి ఆయన తెచ్చినవే."

"ఏమన్నా కొన్నడా?"

"కొనే రకం కాదు. ఒకటే ప్రశ్నలు. గ్లౌజులు తీయకుండా నొక్కొచ్చా, చలికి బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, తడిస్తే బాగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది... చివరికి, 'నేను చేస్తే అవతలివాళ్లు ఎత్తుతారా అమ్మాయ్?' అన్నారు."

"నువ్వేమన్నవ్?"

"'ఎందుకెత్తరండీ' అన్నానన్నా."

మిగతాది ధరణి మింగేసింది. కెప్టెన్ విక్ కోసం వేసిన మెత్తటి కుర్చీలో ఆ పెద్దాయన కూర్చుంటే, "అది పెద్ద కస్టమర్ కోసమండీ" అని లేపేసింది. ఆయన నవ్వుతూనే లేచాడు. ఫోన్ ఆరుబయట పట్టుకుని చూస్తానన్నాడు. అసైన్‌మెంట్ మీంచి తలెత్తకుండానే, "చూసి పెట్టెలో పెట్టేయండి" అంది.

పెట్టాడు. పల్లీపట్టీలు.

కౌంటర్ మీద షాపు మొబైల్ మోగింది. ధరణి చటుక్కున కట్ చేసింది.

"ఎవరు?"

"మోసగాళ్లన్నా. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. నంబర్ చూడు, బారెడుంది."

తెలియని పొడుగు నంబరొస్తే ఎత్తొద్దని, ఇమిగ్రేషన్ ఆఫీసు పేరు చెప్పి భయపెడతారని, విమానం దిగిన రోజే సీనియర్లు చెప్పారు. ధరణి ఆ మాట జవదాటలేదు.

"సరే, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయిద్దాం. రిజిస్టర్ల దాని నంబర్ చదువు."

"ఎనిమిది, ఎనిమిది, ఒకటి, ఆరు..." ధరణి చదవడం ఆపింది. మొబైల్ వైపు చూసింది. మళ్లీ రిజిస్టర్ వైపు చూసింది. "అన్నా, నేను కట్ చేసింది ఈ నంబరే."

శంకర్ నెత్తి పట్టుకున్నాడు. "మనమమ్మే ఫోన్ నుంచి కాలొస్తే మనమే ఎత్తమా?"

అంతలో మళ్లీ మోగింది. అదే నంబర్.

ధరణి స్పీకర్ నొక్కింది. గాలి హోరు, సముద్రపు పిట్టల గోల, వాటి మధ్య పొద్దుటి గొంతు.

"హమ్మయ్య, ఎత్తావా అమ్మాయ్."

"ఎక్కడున్నారండీ? మా ఫోన్ ఎందుకు పట్టుకెళ్లారు?"

"ఇక్కడే, రేవులో నా పడవ మీద. దొంగను నేనే, ఒప్పుకుంటున్నా. పోయినేడు నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోయి, ఇలాంటి ఫోన్ నుంచే ఇంటికి చేస్తే, మా ఆవిడ కాంతం మోసగాళ్లనుకుని తొమ్మిదిసార్లు కట్ చేసింది. కనీసం అమ్మేవాళ్లయినా ఎత్తుతారేమో చూద్దామని పట్టుకొచ్చా. ఫోన్లు బాగానే ఉన్నాయి. కానీ ఈ నంబరొస్తే ఎత్తాలని అరవై ఇళ్లకీ వెళ్లి నువ్వే నేర్పాలి, ముందు మా కాంతానికి. ఆ మాట కాగితం మీద రాసి పెట్టు, మూడింటికి వచ్చి సంతకం పెడతా. ఆ మెత్తటి కుర్చీ మాత్రం తీసేయకు తల్లీ, వీరభద్రం అనడానికి నోరు తిరగక ఈ రేవంతా నన్ను కెప్టెన్ విక్ అంటారు."