చెమటోడ్చే ఆట

శివరామయ్య ప్లీడరు క్లబ్బు నుంచి వచ్చేసరికి రాజమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండాలి. నిలబడే ఉంది.

ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చంకలో బాల్ బాడ్మింటన్ బ్యాటు. అరుగు మీద కూలబడి కాళ్లు చాపాడు.

"ఇవాళ మూడు గేములు. నడుం పడిపోయింది," అన్నాడు.

రాజమ్మ నువ్వులనూనె తెచ్చి పిక్కలకు పట్టించింది. నరసరావుపేటలో ఆ బాడ్మింటన్ క్లబ్బుకు ఆయన సెక్రటరీ అయి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఆమెకు సాయంకాలపు పూజ ఇదే. యుద్ధం వచ్చి పంచదార కంట్రోలయింది. కార్డు మీద వచ్చిందంతా ఆటగాడి పాలలోకే పోతుంది. కూతురు వకుళ చప్పటి పాలు తాగుతుంది. అంత తడిసిన చొక్కాకు ఒక్క రవ్వ వాసన ఉండదు. ఎంత మంచి ఒళ్లో అని రాజమ్మ మురిసిపోయేది.

వకుళ మిషను బళ్లో చదువుతోంది. అక్కడి డ్రిల్లు టీచరు సుందరి అయిదుగురు ఆడపిల్లలను కూడగట్టి బాడ్మింటన్ నేర్పింది. వచ్చే నెల గుంటూరులో పోటీలు. బడి ఆవరణ నిండా పలుగురాళ్లు. వకుళ మోకాళ్లు రెండూ దోక్కుపోయాయి. ఊళ్లో చదునైన కోర్టు ఒక్క క్లబ్బులోనే ఉంది. దాని చుట్టూ నిలువెత్తు గోడ. ఆడవాళ్లకు ప్రవేశం లేదు.

సుందరి అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగింది. రాజమ్మ దగ్గరకూ వచ్చింది.

"నాకు భయం పంతులమ్మగారూ," అంది రాజమ్మ. "అంత మగమనిషి, ఆయనే ఊపిరాడక ఇంటికొచ్చి పడతాడు. ఇది పదమూడేళ్ల పిల్ల. గుండెకేమన్నా అయితే?"

"రోజూ ఆడుతూనే ఉంది గదండీ."

"మీది బడి ఆట. అది క్లబ్బు ఆట."

"అమ్మా, సంతకం పెట్టవే," అంది వకుళ తలుపు చాటు నుంచి. "ఈ రాళ్లలో ఆడితే గుంటూరు పోయేది లేదు, గెలిచేది లేదు."

రాజమ్మ కూతురి మోకాళ్లకేసి చూసింది. కలం తీసుకుని కూడబలుక్కుంటూ పేరు రాసింది.

సంగతి తెలిసి శివరామయ్య మండిపడ్డాడు.

"ఏందే, నీక్కూడా క్లబ్బు కావాల్సొచ్చిందా? పరికిణీ కాలికి తట్టుకుని బోర్లా పడితే లేపేదెవరు? బంతి తగలరాని చోట తగిలితే డాక్టరుకు ఏం చూపిస్తారు?"

"ఒక్క గంట ఆడుకుంటారంట."

"ఆడుకోటానికి అదేమన్నా అచ్చనగాయలా? ఒళ్లు హూనమయ్యే పని. నువ్వు చూస్తానే ఉన్నావు గదా నా అవస్థ."

చూస్తూనే ఉంది. అందుకే లేచి నూనె సీసా తెచ్చింది.

క్లబ్బు పెద్దలు పద్నాలుగుమందీ కూర్చుని తీర్మానం రాశారు. స్త్రీల సుకుమార దేహాలు ఈ క్రీడకు తట్టుకోలేవట. ఆ సుకుమార దేహాలు పద్నాలుగూ ఆ సమయానికి నూతి దగ్గర నిలబడి, అయ్యగార్ల స్నానాలకు నీళ్లు తోడుతున్నాయి.

సుందరి అర్జీ పట్టుకుని నేరుగా మునిసిపల్ చైర్మన్ దగ్గరకు పోయింది. ఆటలకని మునిసిపాలిటీ ఇచ్చిన స్థలం అది. రోజూ నాలుగు నుంచి అయిదు వరకు ఆడపిల్లలకు వదలకపోతే స్థలం వెనక్కి తీసుకుంటామని క్లబ్బుకు తాఖీదు వచ్చింది.

శివరామయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. చైర్మన్ ఇంటి చుట్టూ తిరిగాడు. పని జరగలేదు.

"వారం తిరక్కుండా వాళ్లే పారిపోతారు, చూస్తుండు," అన్నాడు.

సోమవారం నాలుగింటికి సుందరి పిల్లలను తీసుకుని క్లబ్బుకు వెళ్లింది. వెనకాల రాజమ్మ. ఒక చేతిలో నూనె సీసా, ఒక చేతిలో పాల చెంబు. ఆ పాలలో మొదటిసారి పంచదార పడింది. ఆట మధ్యలో పిల్ల కూలిపోతే పట్టుకోవాలని వచ్చింది.

క్లబ్బు కాపలాదారు పీర్ సాహెబ్ గేటు తీశాడు. లోపల చదునైన నేల, రెండు గుంజలు.

"నెట్టు కట్టించండి తాతా," అంది వకుళ.

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. పిల్లవంకా చూశాడు, పాల చెంబుతో నిలబడ్డ తల్లివంకా చూశాడు.

"నెట్టు నేనెప్పుడూ చూళ్లేదు తల్లీ, ఈ తొమ్మిదేళ్లూ నాకు చెప్పిన పనల్లా పేకముక్కలు సర్దిపెట్టటం, అయ్యగార్లు ఇళ్లకు పోయేముందు చొక్కాల మీద చల్లుకోటానికి కుండెడు నీళ్లు పెట్టటం."