పొయ్యి లేని వంట

బిందెడు నీళ్లు పడగానే నడిరోడ్డు మీది పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది.

“మళ్లీ ఎవరైనా పొయ్యి వెలిగించారంటే అందర్నీ ఎత్తి వ్యాన్‌లో పడేస్తాను,” అన్నాడు కొత్త ఎస్సై.

ఖాళీ బిందె కానిస్టేబుల్ చేతికిచ్చి, కాస్త దూరంలో నిలిపిన జీపులో పోయి కూర్చున్నాడు.

“గా మాట చూడుండ్రి! ఆంధ్రోడే,” పళ్లు కొరికాడు మల్లేశం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టి, చందుర్తి నుంచీ రుద్రంగి నుంచీ జనాన్ని పిలిచింది మల్లేశమే. రోడ్డు మీదే వండి అందరికీ బువ్వ పెడతానని మాటిచ్చాడు. ఎండలో నడిచి వచ్చినవాళ్లు కడుపు మాడ్చుకుని తిరిగిపోతే, రేపు పిలిస్తే ఎవరొస్తారు?

డేగిసాలో అన్నం ముప్పావు వంతే ఉడికింది. పప్పుచారుకు చింతపండు నానేశారు గానీ పప్పు ఇంకా పొయ్యే ఎక్కలేదు.

“ఇజ్జత్ పోయింది,” అని తల పట్టుకున్నాడు మల్లేశం.

“గంజి వంపకుండ్రి.”

అందరూ తిరిగి చూశారు. యాభై దాటిన ఆడమనిషి, నేత చీర, చేతిలో గుడ్డసంచి. ఆ ఊరి మనిషి కాదు.

“మూత పెట్టి పైన గోనెసంచులు కప్పుండ్రి. ఉన్న వేడికే మగ్గుతది. నేను చెప్పేదాక మూత ఎవ్వలు తియ్యద్దు.”

“మరి కూర?” అంది వంటకు పెద్ద దిక్కయిన వెంకటవ్వ. “పొయ్యి లేకుంట ఏం వండుతవ్?”

“వంటంటే మంటేనా అవ్వా? ఉల్లిగడ్డలున్నయా?”

డేగిసాలు కిరాయికిచ్చే ఎహసాన్ ఉల్లిగడ్డల సంచి తెచ్చి గుమ్మరించాడు. అతని భార్య జైనాబీ ఇంటికి ఉరికి నువ్వులపొడి తెచ్చింది.

ఆ కొత్తామె కొంగు నడుముకు చెక్కుకుంది. పచ్చి మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు కలిపి బండ మీద కచ్చాపచ్చాగా నూరింది. ఉల్లిగడ్డలు సన్నగా కోసి ఆ ముద్దతో పిసికింది. చింతపండు పిండి, నీళ్లు పోసి, బెల్లం వేసింది. నువ్వులపొడి చల్లి, కొత్తిమీర తుంచింది.

ఒక్క నిప్పురవ్వ లేకుండా గంగాళం నిండా పచ్చిపులుసు తయారైంది. ఎవరింట్లో లేని వంట కాదది. కానీ ఆ ఘడియలో అది ఒక్కరి తలకూ తట్టలేదు. ఎస్సై అన్నది పొయ్యి వెలిగించొద్దనే కదా!

కోస్తున్నంతసేపూ వెంకటవ్వ ఆమెను అడుగుతూనే ఉంది.

“ఏ ఊరమ్మా?”

“సిరిసిల్ల దిక్కు.”

“కొడుకులున్నరా?”

“ఒక్కడు.”

“తోలుకరాకపోయినవ్?”

“వాడు రాలేడు. వాని తరపున నేనచ్చిన.”

రాష్ట్రం రావాలని ఊళ్లల్లో పిల్లలు ఉసురు తీసుకుంటున్న కాలం. ఆ ‘రాలేడు’ వినగానే వాడూ అట్లాగే పోయాడనుకుంది వెంకటవ్వ. మరి అడగలేకపోయింది. ఆ దుఃఖమంతా కోపమై జీపు మీదికి పోయింది.

“వీని నోట్లె మన్నువడ! గిసోంటోన్ని ఏ తల్లి కన్నదో!”

ఆమె తలెత్తలేదు. ఉల్లిగడ్డ కోస్తూనే ఉంది.

గోనెసంచులు తీస్తే అన్నం పువ్వులా విచ్చుకుని ఉంది. జనం నోరు తెరిచి చూశారు. రోడ్డు పొడుగునా పంక్తులు తీరి కూర్చున్నారు. ఒక ముద్ద, వెంటనే ఇంకో ముద్ద. కాసేపు జుర్రుకునే చప్పుడు తప్ప నినాదం కూడా లేదు.

“నా షాదీ దావత్‌ల గూడ గింత రుచి లేదు,” అన్నాడు ఎహసాన్.

“నాకినవడ్డది! రేపు గూడ రోడ్డు మీదనే తిను,” అంది వడ్డిస్తున్న జైనాబీ.

పంక్తి పంక్తీ నవ్వింది. మల్లేశానికి కళ్లు చెమ్మగిల్లాయి. ఎక్కడి మనిషో, తన మాట నిలబెట్టింది. ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

ఆమె మాత్రం తినలేదు. ఒక విస్తరిలో అన్నం పెట్టి, గ్లాసు నిండా పులుసు పోసుకుని జీపు వైపు నడిచింది.

“యాడికి?” వెంకటవ్వ అడ్డం వచ్చింది.

“జీపు కాడికి.”

“పొయ్యిల నీళ్లు వోసినోనికి మా బువ్వనా?”

“పొద్దటి సంది ఏం తినలే.”

“మాడనియ్యి! నువ్వు గూడ వాళ్ల మనిషివేనా?”

‘మఫ్టీ పోలీస్’ అన్న మాట పంక్తుల్లో పాకింది. చందుర్తి నుంచి వచ్చినవాళ్లు కొందరు విస్తర్ల ముందు నుంచి లేచారు.

“అది ఇచ్చెయ్యమ్మా,” అన్నాడు మల్లేశం. ఇందాక మొక్కాలనుకున్నవాడే ఇప్పుడు ఆమె మొహం చూడలేదు. “నీ సాయం మర్వం. గని గిది పోనియ్యం.”

వెంకటవ్వ విస్తరీ గ్లాసూ లాక్కుంది.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఉత్త చేతులతోనే జీపు దగ్గరికి పోయింది. ఏం జరుగుతుందోనని జనమంతా వెనకే కదిలారు.

ఎస్సై గబుక్కున కిందికి దిగాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న ఆమె చేతుల వైపు చూశాడు.

తర్వాత అచ్చం తమ ఇళ్లల్లో మాట్లాడుకునే మాటల్లోనే అతను అడగడం, విస్తరి పట్టుకున్న వెంకటవ్వతో సహా అందరూ విన్నారు: “అందరికి వెట్టినవ్... నాకింత తేలేదానే అమ్మా?”